వరదకు అందని రాయి

ఏ రాయి ఎదురైనా ఆమె ముందు దాని మీదికి వంగి, నోరు తెరిచి, వెచ్చని ఊపిరి వదులుతుంది. ఊదడం కాదు. అద్దం తుడిచేముందు ఆవిరి పట్టిస్తారే, అలా. తర్వాత మెడలో వేలాడే భూతద్దం కంటికి ఆనించి, పది లెక్కపెట్టేంతసేపు కదలకుండా ఉంటుంది.

రాళ్ళను, బెరళ్ళను పట్టుకుని పాకే లైకెన్ ఎండినప్పుడు బూడిదరంగు మరకలా కనిపిస్తుంది. తడి తగిలితే లోపలి పచ్చదనం పైకి వస్తుంది. ఊపిరిలోని తడి చాలు. మరకైతే మరకలాగే ఉండిపోతుంది. ప్రాణమున్నదైతే రంగు మారుతుంది.

పోస్టాఫీసు గోడ, ఆస్పత్రి మెట్లు, పరాయివాళ్ళ ప్రహరీ, ఏదీ మినహాయింపు కాదు. ఒకసారి బ్యాంకు ముందున్న రాతి స్తంభానికి ఆవిరి పట్టిస్తుంటే కాపలావాడు పరుగెత్తుకొచ్చాడు.

"ఏంటమ్మా, ఒంట్లో బాగోలేదా? కళ్ళు తిరుగుతున్నాయా?" అని లోపలినుంచి కుర్చీ తెచ్చి వేశాడు.

ఆమె కూర్చుంది. కూర్చుంటే స్తంభం అడుగుభాగం చూడటానికి వీలుగా ఉంది. పావుగంట చూసి, అతనికి నమస్కారం పెట్టి వెళ్ళిపోయింది.

ఆమె పనిచేసేది మ్యూజియంలో. జనం టికెట్టు కొని తిరిగే వైపు కాదు. వెనకవైపు, మొదటి అంతస్తు చివరి గది. ఉత్తరానికి ఒక కిటికీ. ఇరవై రెండు ఇనుప బీరువాలు. సొరుగుల నిండా కాగితపు పొట్లాలు, పాత ఉత్తరాల్లా నిలువుగా పేర్చి ఉంటాయి. ఒక్కో పొట్లంలో ఒక బెరడు ముక్క, లేదంటే ఉలితో తీసిన రాతి పెచ్చు. దాని మీద లైకెన్. పొట్లం మీద చీటీ: అదేమిటి, ఎక్కడ దొరికింది, ఏ రోజు, ఎవరు తీశారు.

కాగితాన్ని కిందినుంచి మూడోవంతు మడవాలి. రెండు పక్కలూ వెనక్కి మడవాలి. పైభాగాన్ని మూతలా దించాలి. ఆమె చెయ్యి నిమిషానికి రెండు మడుస్తుంది. అందుకే అక్కడ అందరూ ఆమెను పొట్లాలక్క అంటారు. కొత్తగా చేరిన గుమాస్తా ఒకడు అదే అసలు పేరనుకుని ఆమె సెలవు కాగితం మీద అలాగే రాశాడు. ఆమె చదివి సంతకం పెట్టింది. సెలవు మంజూరైంది.

ఆ గదిలో ఒక పద్ధతి ఉంది. చీటీలో తప్పు కనిపిస్తే చెరపకూడదు, కొట్టెయ్యకూడదు, చింపకూడదు. తప్పు ఎలా ఉందో అలాగే ఉండాలి. దాని కింద ఇంకో చిన్న చీటీ అంటించి, సరైనది రాసి, సంతకం, తేదీ పెట్టాలి. తప్పు రాసినవాళ్ళ పేరూ దిద్దినవాళ్ళ పేరూ ఒకే పొట్లం మీద ఎప్పటికీ ఉంటాయి. కొన్ని పొట్లాల మీద నాలుగైదు చీటీలు మెట్లలా దిగుతాయి.

ఇతరుల పొట్లాల మీద ఆమె ఆరువందలకు పైగా చీటీలు అంటించింది. తనకు పని నేర్పిన పెద్దాయన పొట్లాల మీద కూడా, ఆయన పక్కన కూర్చుని చూస్తుండగానే అంటించింది. మొదటిసారి ఆమె జిగురు రాసి ఆగిపోతే ఆయన నవ్వాడు.

"అంటించు, అంటించు. నేను పోయాక అంటిస్తే అది పిరికితనం."

ఆమె రాసిన చీటీల కింద మాత్రం ఇంతవరకూ ఎవరూ దిద్దుబాటు చీటీ అంటించలేదు. ఈ సంగతి ఆమె ఎవరితోనూ అనలేదు. లెక్క ఆమెకు తెలుసు.

ఇల్లు రెండంతస్తులు. కింద ఆమె. పైన తమ్ముడు, మరదలు. భోజనం ముగ్గురికీ పైనే. పెళ్ళిమాట ఆమెకు మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ ఆమె ఏదో ఒక కొండ మీద ఉంది. నాలుగోసారి రాలేదు.

తమ్ముడు ఆమెకంటే ఆరేళ్ళు చిన్న. వన్యప్రాణుల శాఖలో ఉద్యోగం. ఊరి మధ్యగా పోయే నదిలో మిగిలిన నీటికుక్కల్ని లెక్కపెట్టడం, కాపాడటం అతని పని. అవి మనిషి కంట పడవు. రాళ్ళ మీద పెంట వేసి తమ హద్దు చెబుతాయి. ఆ పెంట ఏరి, అందులోని చేపముళ్ళు విడదీసి, ఏ జంట ఎక్కడ తిరుగుతోందో అతను రాసుకుంటాడు. ఇంటికి రాగానే మరదలు అతన్ని మెట్ల దగ్గరే ఆపుతుంది.

"బూట్లు బయట. సంచి బయట. మనిషిని కూడా బయటే ఉంచుదును గానీ వీధిలో బాగోదు."

ఇంటికి ఎవరొచ్చినా మరదలు చెప్పే మాట ఒకటుంది. "మా ఇంట్లో ఒకరు పెంట ఏరతారు, ఒకరు పాచి ఏరతారు. బియ్యంలో రాళ్ళు ఏరేదాన్ని నేనొక్కదాన్నే."

"పాచి కాదే," అంటుంది ఆమె.

"మరేంటి వదినా? ఇన్నేళ్ళ నుంచి అడుగుతున్నా. ఒక్క ముక్కలో చెప్పరు."

ఒకరోజు భోజనాల దగ్గర చెప్పింది. "ఒకటి కాదు, రెండు. ఒకటి బూజులాంటిది, పుట్టగొడుగుల వంశం. రెండోది కంటికి ఆననంత చిన్న పచ్చని నాచు. బూజు ఇల్లు కట్టి నీడ ఇస్తుంది. నాచు ఎండ పట్టుకుని తిండి తయారుచేసి ఇద్దరికీ పెడుతుంది."

"మరి పేరెవరిది?"

"బూజుది. మొత్తానికి దాని పేరే రాస్తాం. నాచుకు వేరే పేరుంది, అది వేరే పుస్తకంలో ఉంటుంది."

మరదలు గరిటె పట్టుకుని కాస్త ఆలోచించింది. "వండిపెట్టేది ఒకరు, గుమ్మం మీద పేరు ఇంకొకరిది. దీనికి ఇంత చదువెందుకు వదినా? మెట్లెక్కి పైకొస్తే నేనే చూపించేదాన్నిగా."

తమ్ముడు కంచంలోంచి తల ఎత్తలేదు. "నా వాటికి ఆ గొడవ లేదు. పేరులో కుక్క ఉంది, కుక్క కాదు. చూస్తే ముంగిసలా ఉంటుంది, ముంగిసా కాదు. అయినా ఒక ఒంటికి ఒక పేరు. తల్లుంటుంది, పిల్లుంటుంది. రెండు కళ్ళతో నీకేసి చూస్తుంది."

"అందుకే దానికి పోస్టర్లు వేస్తారు," అంది ఆమె.

పోస్టరు నిజమే. నది వంతెన దగ్గర నీటికుక్క బొమ్మ మనిషెత్తున ఉంది. బడిపిల్లలు దాని పక్కన నిలబడి ఫోటో దిగుతారు.

ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాకు ఫారం మాత్రం అందరికీ ఒకటే. గడులు గీసినవాళ్ళ మనసులో ఉన్నది జంతువు. ఎన్ని ఉన్నాయి? ఆడవి ఎన్ని? ఏడాదికి పిల్లలు ఎన్ని? తమ్ముడు పది నిమిషాల్లో నింపాడు: నాలుగు జంటలు, ఈ నదిలో. ఆమె మొదటి గడి దగ్గరే ఆగింది. రాతి మీద పాకిన లైకెన్‌లో ఒకటి ఎక్కడ ముగిసి రెండోది ఎక్కడ మొదలవుతుందో చెప్పగలవాళ్ళు లేరు. "రెండు అరచేతులంత" అని రాసింది. ఫారం తిరిగొచ్చింది, అంకె వెయ్యమని. "2" అని వేసి పక్కన "అరచేతులు" అని రాసింది. మళ్ళీ తిరిగొచ్చింది. మూడోసారి దారంతో కొలిచి, చదరపు సెంటీమీటర్లలో లెక్కకట్టి "310" అని పంపింది. ఈసారి తీసుకున్నారు. నెల తర్వాత జవాబు వచ్చింది: సంఖ్య సంతృప్తికరంగా ఉన్నందున ఈ జాతిని ప్రస్తుతం జాబితాలో చేర్చడం లేదు.

ఆ మూడువందల పది చదరపు సెంటీమీటర్లు ఉన్నది నది మధ్య పెద్దరాయి మీద. నల్లరాయి అది, నునుపు. ఎంత వరద వచ్చినా దాని పై భుజం తడవదు. ఆ భుజానికి ఉత్తరం వైపున ఆ లైకెన్ ఉంది. పసుపు కలిసిన బూడిదరంగు, మీద నల్లని చుక్కలు. ఏడాదికి గోరు మందం కూడా పెరగదు.

దాన్ని మొదట తీసింది ఆమే, ఉద్యోగంలో చేరిన తొలి ఏడు. ఒకేరోజు రెండు చోట్ల దొరికింది: పొద్దున పెద్దరాయి, మధ్యాహ్నం ఊరి చివర రాళ్ళకొండ. రెండు పొట్లాలు, రెండు చీటీలు, ఆమె చేతిరాత. ఇంతకుముందు ఎవరూ చూడని జాతి అని తేలాక పెద్దాయన తన పుస్తకంలో ఒక వాక్యం రాశాడు: "దీన్ని కనిపెట్టింది నేను కాదు, నా పక్కనున్న అమ్మాయి." ఇంకెక్కడా అది దొరకలేదు. కొండకు ఆమె తర్వాత మూడుసార్లు వెళ్ళింది. అక్కడా కనిపించలేదు. కొండను కంకర కోసం తొలిచేస్తున్నారు. అది ఉన్న పక్క పోయి ఉంటుంది, లేదంటే తన చూపే పడలేదు అనుకుంది. చీటీ ఉందని ఊరుకుంది.

ఈ వేసవిలో ఆ పెద్దరాయి మీదనే తమ్ముడి శాఖ కాంక్రీటు బొరియ కట్టాలని నిశ్చయించింది. నీటికుక్కలు ఒడ్డున బొరియల్లో ఈనేవి. రెండేళ్ళుగా తొలివానకే ఒడ్డు విరిగి పడుతోంది. మొదటి ఏడు రెండు పిల్లలు, రెండో ఏడు మూడు, నీళ్ళలో కొట్టుకుపోయాయి. ఒడ్డున పైకి జరుగుదామంటే ఊరకుక్కలు. నది మధ్యన, వరదకు అందకుండా, కుక్కలు ఈదలేని చోట ఉన్నది పెద్దరాయి భుజం ఒక్కటే. రెండేళ్ళు తమ్ముడు కాగితాలు తిప్పితే ఇప్పుడు సరేనన్నారు. వానలకు ఆరు వారాలు ఉంది. గురువారం యంత్రం వచ్చి భుజాన్ని చదును చేస్తుంది.

సోమవారం డైరెక్టరు ఆమెను పిలిచాడు.

"అమ్మా, నదిపని వాళ్ళు మన దగ్గర్నుంచి చిన్న కాగితం అడుగుతున్నారు. ఆ రాయి మీద మీదేదో ఉందటగా?"

"ఉంది సార్."

"ఇంకోచోట కూడా ఉందటగా?"

"చీటీ ప్రకారం ఉంది సార్."

"అయితే సరే. ఒకేచోట ఉన్న ప్రాణి అయితే ఆ చోటు ముట్టుకోకూడదని రూలు, జంతువైనా పాచైనా. రెండు చోట్ల ఉందని రెండు లైన్లు రాసివ్వండి. బుధవారం పొద్దున నా బల్ల మీద ఉంటే చాలు."

ఆమె గదికి వచ్చి పద్నాలుగో బీరువా తెరిచింది. కాగితం రాసేముందు పొట్లం చూసుకోవడం అలవాటు. మొదటి పొట్లం, పెద్దరాయిది, బాగానే ఉంది. రెండోది, కొండది, విప్పేసరికి లోపల ఏదో కదిలింది. రాతి పెచ్చును అట్టముక్క మీద అంటించిన జిగురు ముప్ఫై ఒక్క ఏళ్ళకు ఎండి ఊడింది. పెచ్చు అట్ట మీంచి జారి, బోర్లాపడి ఉంది.

అడుగు పైకి ఉంది. నల్లగా, నునుపుగా ఉంది.

రాళ్ళకొండ రాయి తెల్లన. విరిస్తే ఉప్పుకల్లులా మెరుస్తుంది. అదేరోజు అదే కొండ మీద తీసిన మిగతా పదకొండు పొట్లాలు తీసి చూసింది. పదకొండూ తెల్లన. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి మళ్ళీ చూసింది. మొదటి పొట్లంలోని పెచ్చు పక్కన పెట్టి చూసింది. రెండు పెచ్చుల విరిగిన అంచులు ఒకదానికొకటి సరిగ్గా అమిరాయి.

పెచ్చులు తీసిన రోజు వాన పడింది. సంచి తడిసి కాగితాలు మెత్తబడ్డాయి. ఈ గదిలోనే, అప్పట్లో ఉన్న బొగ్గుల పొయ్యి పక్కన నేల మీద పాత పేపర్లు పరిచి పెచ్చులన్నీ ఆరబెట్టింది ఆమే. ఎడమన నది, కుడిన కొండ. ఆరాక కొత్త కాగితాల్లో మడిచింది ఆమే. ఒక పెచ్చు ఎప్పుడో ఎడమనుంచి కుడికి చేరింది. తర్వాత ముగ్గురు పండితులు ఆ పొట్లం తెప్పించుకుని చూశారు. ముగ్గురూ జాతి సరిగ్గానే ఉందని చీటీలు అంటించారు. లైకెన్ చూసేవాళ్ళు లైకెన్‌నే చూస్తారు. దాని కింద ఉన్నది ఏ రాయో చూడరు. చూసే వీలూ లేదు, జిగురు ఉంది.

ఆమె సాయంత్రం దాకా కుర్చీలో కూర్చుంది. తర్వాత పెచ్చును పొట్లంలో పెట్టి, పొట్లాన్ని సొరుగులో పెట్టి, ఇంటికి వెళ్ళింది. ఆ రోజు ఎవరికీ చెప్పలేదు.

మంగళవారం మధ్యాహ్నం నదిపని చేయించే ఇంజనీరు కాగితం కోసం తనే మెట్లెక్కి వచ్చాడు. లావాటి మనిషి, ఆయాసం. నాలుగు పక్కలా బీరువాలు చూశాడు.

"ఇవన్నీ పొట్లాలేనా? అమ్మో. మా ఇంట్లో మందుల కొట్టు ఉండేది, అక్కడ కూడా ఇన్ని లేవు."

"కూర్చోండి."

"కూర్చుంటే లేవలేను. కాగితం ఇస్తే వెళ్తా."

"రేపు పొద్దున డైరెక్టరు గారికి ఇస్తాను."

"ఒక్క మాట అడగొచ్చా? మీకు ఆ పాచి మీద అంత ప్రేమ ఉంటే, మావాళ్ళు జాగ్రత్తగా గీకి ఇస్తారు. ఇంకో రాయికి అంటించుకోండి. మంచి సిమెంటు ఉంది నా దగ్గర."

"గీకితే పొడి వస్తుంది."

"పొడి చల్లితే మొలవదా?"

"మీ చర్మం గీకి ఇంకొకరి మీద చల్లితే మీరు మొలుస్తారా?"

ఇంజనీరు తన ముంజేతివైపు చూసుకున్నాడు. "నేను మొలవకపోతేనే మా ఆవిడకు సుఖం," అని నవ్వి దిగిపోయాడు.

ఆ సాయంత్రం వెలుగుండగానే ఆమె పైకి వెళ్ళింది. తమ్ముడు వరండాలో కూర్చుని బూట్లకు నూనె రాస్తున్నాడు. మరదలు చిక్కుడుకాయలు వలుస్తోంది. ఆమె మెట్టు మీద కూర్చుని జరిగింది జరిగినట్టు చెప్పింది. ఎక్కువసేపు పట్టలేదు.

తమ్ముడు నూనెగుడ్డ కింద పెట్టాడు.

"ఎవరికైనా చెప్పావా?"

"నీకే."

"అయితే ఇంకా ఎవరికీ తెలీదు."

"నాకు తెలుసురా."

"అక్కా, ముప్ఫై ఏళ్ళు ఎవరూ ఆ పెచ్చు అడుగు చూడలేదు. ఇంకో ఆరు వారాలు చూడకపోతే ఏమవుద్ది?"

"ఆరు వారాల తర్వాత చూడ్డానికి రాయి మీద అది ఉండదు."

అతను లేచి నిలబడ్డాడు. "పోయినేడు నీళ్ళలోంచి నేను తీసినవి ఎన్నో తెలుసా నీకు?"

"మూడు."

"అంతకుముందు?"

"రెండు."

"ఈ సంచిలోనే తెచ్చా. మీ మ్యూజియానికే ఇచ్చా. చర్మాలు ఒలిచి సొరుగులో పెట్టారు. కాలికి చీటీ కట్టారు."

"ఆ చీటీలు రాసింది నేనే," అంది ఆమె. "కింది గదిలో వాళ్ళ చేతిరాత బాగోదని నన్ను రాయమన్నారు."

మరదలు చేతులు ఆగాయి.

"నీ పాచికి నొప్పి తెలీదు," అన్నాడు తమ్ముడు. "తల్లి లేదు, పిల్ల లేదు. పోతే ఏడ్చే నోరు లేదు."

"లేదు."

ఆమె కాదంటుందనుకున్నాడు. కాదనకపోయేసరికి అతనికి కోపం పెరిగింది. "మరెందుకు?"

"నీటికుక్క పైనదుల్లో కూడా ఉంది. తక్కువే, అయినా ఉంది. ఇది ఇక్కడ పోతే ఇంకెక్కడా లేదు."

"ఆ లెక్క నాకు చెప్పకు. పైనదుల్లోవి నేను చూడలేదు. నేను చూసినవి ఇక్కడివే. వాటికి నా వాసన తెలుసు."

"మీ వాసన వీధి మొత్తానికీ తెలుసు," అంది మరదలు. ఆమె మళ్ళీ చిక్కుడుకాయలు అందుకుంది.

"నీ సంగతి కూడా ఆలోచించుకో," అన్నాడు తమ్ముడు, గొంతు తగ్గించి. "ఒక పొట్లం తప్పని నువ్వే చెబితే, నీ పొట్లాలన్నీ తిరగేస్తారు. ఇంకో రెండేళ్ళలో దిగిపోయేదానివి. పేరు పాడుచేసుకుని దిగుతావా?"

"తిరగెయ్యనీ. ఇంకా ఎన్ని ఉన్నాయో నాకూ చూడాలనుంది."

"నీకు చూడాలనుంది. నాకు ఈ ఏడు కూడా సంచి మొయ్యాలని లేదు."

ఆమె మెట్ల దగ్గరున్న సంచివైపు చూసింది. తర్వాత వేరే మాట అడిగింది.

"పెద్దరాయికి కిందగా నదిలో ఇంకోటి ఉందిగా, ఆ దిగువ రాయి ఎందుకు పనికిరాదన్నారు?"

"చదునైన గట్టు ఉంది. కానీ వరదమట్టం దానికి రెండు మూరలు పైన. మునిగిపోద్ది. అంత ఎత్తు దిమ్మె కట్టాలంటే వానల్లోపు కాదు."

"మట్టం ఎవరు కొలిచారు?"

"ఇంజనీరు."

"రాయెక్కి చూశాడా?"

"ఆయన పడవెక్కితే పడవ మునుగుద్ది. ఒడ్డు నుంచి దుర్భిణిలో చూశాడు. రాతి మీద బురద గీత కనిపిస్తే అదే మట్టమన్నాడు."

"గాలికి ఎగిరిపడిన బురద కూడా గీతలాగే ఉంటుంది."

"ఏమో. నాకు తెలీదు." అతను బూట్లు తీసుకుని లోపలికి వెళ్ళాడు.

మరదలు గిన్నె ఎత్తుకుని లేచింది. "తినే వెళ్ళండి వదినా. మీ ఇద్దరూ మాట్లాడుకోకపోతే మానె, కూర చేశాను."

ముగ్గురూ తిన్నారు. మరదలు ఇద్దరికీ అడగకుండానే రెండోసారి వడ్డించింది.

మరుసటి పొద్దున ఆమె ఏడింటికి మ్యూజియం వెనక తలుపు తీయించుకుంది. బల్ల తుడిచింది. చిన్న చీటీ ఒకటి కత్తిరించి, కలం విదిలించి రాసింది: "చోటు తప్పు. పెచ్చు అడుగు నల్లరాయి. ఇది నది మధ్య పెద్దరాయి నుంచి తీసిన ముక్క. ఆరబెట్టేటప్పుడు నా చేతిలో మారింది. రాళ్ళకొండ మీద ఈ జాతి దొరికినట్టు ఆధారం లేదు." కింద సంతకం, తేదీ. పై చీటీ మీదా కింది చీటీ మీదా అదే సంతకం. మొదటిదానిలో అక్షరాలు కాస్త గుండ్రంగా ఉన్నాయి, అంతే. జిగురు రాసి అంటించి, తూకపురాయి పెట్టి అది ఆరేదాకా కూర్చుంది.

తొమ్మిదింటికి డైరెక్టరు వచ్చాడు. ఆ జాతి ఉన్నది ఒక్క పెద్దరాయి మీదేనని ఆమె రాసిచ్చిన కాగితం నిలబడే చదివాడు. తర్వాత పొట్లం చూశాడు.

"ఈ పైది మీ చీటీయే కదమ్మా?"

"అవును సార్."

"ఇంకోసారి ఆలోచించారా?"

"రాయి నల్లగా ఉంది సార్."

ఆయన ఫోను దగ్గరికి లాక్కున్నాడు. ఆమె బయటికి వచ్చింది.

రేవుకు నడిచి వెళ్ళింది. తమ్ముడు పడవలో నీళ్ళు తోడి పారబోస్తున్నాడు. ఆమెను చూసి కూడా తోడటం ఆపలేదు. ఆమె చెప్పులు చేత్తో పట్టుకుని పడవెక్కి ఎదురు పలక మీద కూర్చుంది. అతను ఒక క్షణం చూసి, తాడు విప్పాడు. పెద్దరాయి పక్కనుంచి పోతున్నప్పుడు ఇద్దరూ దానివైపు చూడలేదు.

దిగువ రాయి దగ్గర పడవ ఆనించి దాని చదును గట్టు మీదికి ఎక్కారు. దాని నిలువుగోడ మీద ఇంజనీరు చెప్పిన బురద గీత ఉంది. ఆమె గోటితో గీకింది. పొడిపొడిగా రాలింది. దాని అడుగున లైకెన్లు ఉన్నాయి, ఎక్కడైనా ఉండే మామూలు బూడిదరంగువి. ఏటా వరదలో నానేచోట అవి బతకవు. ఆమె మోకాళ్ళ మీద కూర్చుని చేత్తో తడుముతూ కిందికి వచ్చింది. ఒకచోట అవి ఆగిపోయాయి. రాయి పొడవునా ఆ ఎత్తులోనే ఆగిపోయాయి. అక్కడినుంచి కింద రాయి నున్నగా ఉంది, అంటే వరద ఎక్కేది అక్కడిదాకే.

"టేపు ఇటివ్వు," అంది.

తమ్ముడు ఇచ్చాడు. ఆమె ఒక కొస అవి ఆగినచోట అదిమి పట్టుకుంది. అతను రెండో కొస గట్టుకు ఆనించి, వంగి చూశాడు.

"ముప్ఫై ఎనిమిది," అన్నాడు. "రెండు మూరలన్నాడు వాడు." మళ్ళీ చూశాడు. "ముప్ఫై ఎనిమిది."

జేబులోంచి పుస్తకం తీసి అంకె రాసుకున్నాడు. ముప్ఫై ఎనిమిది సెంటీమీటర్ల దిమ్మెకు ఎన్ని రోజులు పడుతుందో లెక్కవేస్తూ పెదవులు కదిపాడు. ఆమె టేపు కొస వదల్లేదు. ఎగువ పక్క కూడా కొలవాలి, అటు నీటివేగం ఎక్కువ అంది.